గరటయ్య గారి కళ్ళకు నెంబరు వేసిన కథ

మా మండలి బూజు నుంచి పుట్టింది. ఈ సంగతి మేము దాచుకోము. ఏటా వార్షికోత్సవంలో అధ్యక్షుల వారు మొట్టమొదట చెప్పే మాట ఇదే.

అరవై దాటిన ఒక పెద్ద హీరో గారు కాలేజీ కుర్రాడి వేషం కట్టారు. ఈ కాలపు కెమెరాలకు మర్యాద తెలియదు. ఎదురుగా ఏముంటే అది చూపించేస్తాయి. విగ్గు ఎక్కడ మొదలైందో, మేకప్పు ఎక్కడ ఆగిందో తెర మీద స్పష్టంగా కనబడేసరికి నిర్మాత బెంబేలెత్తిపోయాడు. చివరికి ఆ సినిమా కెమెరామన్ కృష్ణానగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే ఒక దుకాణం అటక మీద నుంచి పాత లెన్సు ఒకటి దింపించి కొత్త కెమెరాకు తగిలించాడు. దాని లోపలంతా బూజు పట్టి ఉంది. అంతే, హీరో గారి వయసు పొగమంచులో కలిసిపోయింది. టీజరు చూసిన జనం "అబ్బ, ఏం లుక్కు!" అన్నారు. ఒక పత్రిక అయితే "కాలం తన వేళ్ళతో దిద్దిన కాంతి" అని రాసింది. నెల తిరక్కుండా ఊళ్ళో ప్రతి దర్శకుడికీ బూజు పట్టిన లెన్సు లేకపోతే నిద్ర పట్టని స్థితి వచ్చింది.

జనం దేని మీద మోజు పడితే దాని మీద ఒక మండలి వేయడం ప్రభుత్వానికి అలవాటు. అలా రాష్ట్ర చలనచిత్ర ప్రాచీన కటక పరిరక్షణ, ప్రోత్సాహక, పర్యవేక్షక మండలి ఏర్పడింది. కటకం అంటే లెన్సే. లెన్సు అని రాస్తే ఫైలుకు బరువు రాదని కటకం అన్నాం. డాక్టర్ కలిదిండి విరూపాక్షరాజు గారు అధ్యక్షులుగా వచ్చారు. అంతకు ముందు వారు కోళ్ళ పరిశ్రమ సంస్థకు అధ్యక్షులు. రెండు చోట్లా ప్రమాణ స్వీకారం నాడు ఒకే ప్రసంగం చేశారు. కోడి అన్న చోట కటకం అన్నారు, అంతే తేడా. అయినా సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆ మండలిలో పర్యవేక్షణాధికారిని. సినిమాలు చూసే అలవాటు లేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటానని నన్ను వేశారు.

మా నిబంధనలు చాలా సులువు. యాభై ఏళ్ళు దాటిన కటకంతో తీసిన సినిమాకే రాయితీ, అనుమతి, అవార్డు. కటకంలో బూజు ఉండి తీరాలి. ఆ బూజు సహజంగా పట్టినదై ఉండాలి.

ఈ మూడోది మేము సరదాకు పెట్టలేదు. మొదటి రెండూ వెలువడిన వారంలోనే కృష్ణానగర్‌లో స్నానాల గదులన్నీ లెన్సులతో నిండిపోయాయి. మనుషులు వీధి పంపు దగ్గర స్నానం చేశారు. ఒకాయన తడి గోనెసంచుల్లో చుట్టి పెట్టాడు. ఇంకొకాయన లెన్సును పాత రొట్టెల మధ్య పెట్టి ఫ్రిజ్జు కరెంటు తీసేశాడు. తనిఖీకి వచ్చిన ఒక లెన్సును వాసన చూస్తే ఆవకాయ వాసన వేసింది. మరొకటి పెరుగు తోడు పెట్టిన రకం. వాటిని కృత్రిమ బూజు కింద జప్తు చేశాం. అప్పటి నుంచి మా కార్యాలయంలో నిపుణుల సంఘం మొదట లెన్సును వాసన చూసి, తరవాతే లోపలికి చూస్తుంది.

స్పష్టత విషయంలో మేము మరీ కఠినంగా ఉన్నాం. ఒక సినిమాలో పక్కింటావిడ వేషం వేసిన నటి ముక్కుపుడకలో రాళ్ళు లెక్కపెట్టగలిగేలా కనిపించాయని మా వాళ్ళు పట్టుకున్నారు. దర్శకుణ్ణి పిలిపించి సంజాయిషీ అడిగాం. పాపం, అతను వణికిపోయి, "పొరపాటున ఫోకస్ కుదిరిందండీ, ఇంకెప్పుడూ కుదరనివ్వను" అని రాసిచ్చాడు.

ఇలా ఉండగా లెన్సులు అయిపోయాయి. పాతవన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. పైగా కొందరు తెలివితక్కువ యజమానులు బూజు తుడిపించి ఉంచుకున్నారు, వాటికి విలువ లేకుండా పోయింది. కొత్త సినిమాలు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు నిహాంత్ అనే యువ దర్శకుడు ఒక సలహా ఇచ్చాడు. మద్రాసు రోజుల నుంచి ఫిల్ము మీద సినిమాలు తీసిన కెమెరామన్ తాడిశెట్టి గరటయ్య గారు ఊళ్ళోనే ఉన్నారనీ, ఏ దుకాణంలో ఏ లెన్సు మిగిలి ఉంటుందో ఆయనకు తెలిసి ఉండవచ్చనీ అన్నాడు. మండలి ఆయన్ను సంప్రదింపుల కోసం పిలిచింది.

గరటయ్య గారు భార్య సామ్రాజ్యమ్మ గారి భుజం పట్టుకుని వచ్చారు. చీరాల వైపు మనుషులు. ఆయన పొడుగ్గా, వంగకుండా ఉంటారు. ఆవిడ పొట్టి. గుమ్మం దగ్గర ఆవిడ "మెట్టండీ" అంది. ఆయన మెట్టు ఎక్కి, బట్టలు తగిలించే స్టాండుకు నమస్కారం పెట్టారు. అధ్యక్షుల వారు స్టాండు పక్కనే ఉన్నారు కాబట్టి ప్రతినమస్కారం చేశారు.

"తమరికి మా నూతన కార్యాలయము ఎట్లు తోచుచున్నది?" అని అధ్యక్షుల వారు అడిగారు. వారు ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట. మండలిలో మాత్రం గ్రాంథికమే.

గరటయ్య గారు నవ్వారు. "ఏం చెప్పమంటారు సార్. ఆ ట్యూబులైటు చుట్టూ ఒక గుడి కట్టినట్టుంది. మీరంతా పసుపు నీళ్ళల్లో మునిగి కూచున్నట్టున్నారు. అంచులన్నీ అలికేసినట్టున్నై. మొహాలైతే నాకు కనపడటమే మానేసి ఏడాదైంది. కళ్ళకు పొరలొచ్చినై. ఈ నెల్లోనే ఆపరేషను."

అధ్యక్షుల వారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. కాంతి వలయం, పసుపు ఛాయ, కరిగిన అంచులు. ఈ మూడూ మా మండలి తొలి నివేదికలో ఉత్తమ కటక లక్షణాలుగా అచ్చయి ఉన్నాయి. ఇప్పటిదాకా మూడూ ఒకే చోట దొరికిన కటకం లేదు.

"నిర్వచనము చదువుడు" అన్నారు అధ్యక్షుల వారు నాతో.

నేను చదివాను. "కటకము అనగా, ఏ పదార్థముతో చేయబడినదైనను, పారదర్శకమై, వంపు కలిగి, యాభై సంవత్సరములు పైబడి, చలనచిత్ర దృశ్యము దేని గుండా ప్రవేశించినదో ఆ వస్తువు."

"తమరు చిత్రీకరించునపుడు కెమెరాలో కన్ను పెట్టి చూచెడివారా?"

"చూడకుండా ఎట్టా తీస్తానండీ?" అన్నారు గరటయ్య గారు.

"అనగా తమరు తీసిన ప్రతి దృశ్యమును తమరి కంటి కటకము గుండా ప్రవేశించినది!" అధ్యక్షుల వారు లేచి నిలబడ్డారు. మేమూ లేచాం. "సభ్యులారా, మనము దేశమంతయు వెదకుచున్న వస్తువు మన ఎదుట కూర్చుని మజ్జిగ త్రాగుచున్నది!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సాయంత్రానికి గరటయ్య గారి రెండు కళ్ళూ పరిరక్షిత వారసత్వ కటకాల జాబితాలో చేరాయి. వాటిని మండలి అనుమతి లేకుండా మార్చడానికి, తుడవడానికి, రాష్ట్రం దాటించడానికి వీల్లేదు. రెండు ఇత్తడి బిళ్ళలు చేయించి ఆయన మెడలో వేశాం. ఒకదాని మీద కుడి అనీ, రెండో దాని మీద ఎడమ అనీ, కింద నెంబర్లూ ఉన్నాయి. కళ్ళ సంరక్షణ బాధ్యత నాకు అప్పగించారు. మర్నాటి నుంచి నా డ్యూటీ వాళ్ళింట్లోనే.

నా ఉద్యోగ జీవితంలో అంత బాగా పని చేసిన రోజులు లేవు. పరికరాలకు పెట్టే తేమ పీల్చే పొట్లాలు గరటయ్య గారి చొక్కా జేబులో పెట్టించాను. తేమ పోతే బూజు పెరగదని నిపుణుల సంఘం అభ్యంతరం చెప్పింది. పొట్లాలు తీసి తడి తువ్వాలు పెట్టించాను. సామ్రాజ్యమ్మ గారు ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారడం గమనించి, కటకాన్ని ఉప్పునీటితో కడగడం నేరమని ఆవిడకు నచ్చచెప్పాను.

"పులుసు ఉల్లిపాయ లేకుండా పెట్టమంటారా?" అంది ఆవిడ.

"పులుసు మండలి పరిధిలోకి రాదమ్మా. మీరు వీధి వరండాలో తరుక్కోండి" అన్నాను. ఆవిడ నా మొహాన ఒక చూపు విసిరి వరండాలోకి వెళ్ళింది. పులుసు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. నాకూ పెట్టింది. కోపం తెప్పించిన మనిషికి కూడా అన్నం పెట్టే రకం ఆవిడ.

నిహాంత్ సినిమాకే మొదట గరటయ్య గారి కళ్ళు కేటాయించాం. నిబంధన ప్రకారం పరికరం కెమెరా వ్యానులోనే వెళ్ళాలి. ఆయన్ను స్టాండ్లకూ పెట్టెలకూ మధ్య కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, కుదుపులకు స్పాంజి పెట్టి తీసుకెళ్ళాం. ముహూర్తం నాడు పూజారి కెమెరాకు బొట్టు పెట్టి, అదే చేత్తో గరటయ్య గారి రెండు కనురెప్పల మీదా కుంకుమ అద్దాడు. కళ్ళకు హారతి ఇచ్చాడు. కాళ్ళ కింద నిమ్మకాయలు పెడితే ఆయన తొక్కి జారబోయారు. నేను పట్టుకున్నాను.

పని చేసే పద్ధతి ఇది. కొత్త కెమెరాతో షాటు తీస్తారు. పక్కన గరటయ్య గారిని కూర్చోబెట్టి ఏం కనబడుతోందో అడుగుతారు. ఆయన చెప్పినట్టు కంప్యూటర్ వాళ్ళు బొమ్మను మారుస్తారు.

"ఏం కనపడుతోంది సార్?" అన్నాడు నిహాంత్, చేతులు కట్టుకుని.

"ఎవరో నిలబడ్డారు. తెల్లచొక్కా మనిషి. పక్కన గేదె."

నిలబడింది ఎర్రచీర కట్టుకున్న హీరోయిను. పక్కన ఉన్నది కారు. నిహాంత్ కళ్ళు మూసుకుని, "ఏం విజన్ సార్!" అన్నాడు. తెరమీద ఆ పాటలో హీరోయిను తెల్లగా, ఆడో మగో తెలియకుండా తేలుతుంది. కారుకు కొమ్ములున్నాయి. టీజరు విడుదలైన రోజు ఊరు ఊగిపోయింది. తరవాత గరటయ్య గారి వీధిలో నిర్మాతల కార్లు పట్టలేదు. ఒకాయన కుడికన్ను ఒక్కటే చాలన్నాడు. ఇంకొకాయన తన హీరోకు ఎడమకన్నే కలిసొస్తుందని జ్యోతిష్యుడు చెప్పాడన్నాడు.

గరటయ్య గారు ఈ వైభవాన్ని ఓపిగ్గా భరించారు. ఒక్కోసారి మాత్రం, అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆయన చప్పట్లు వినిపించే వైపు తల తిప్పి ఎవరి కోసమో వెతికేవారు. "ఇంతమందిలో ఒక్క మొహం కూడా దొరకట్లేదు ఆఫీసరు గారూ" అన్నారు ఒకసారి. "నా బతుకంతా మొహాల మీదే గడిచింది."

ఆపరేషను తేదీ దాటిపోయింది. కళ్ళ డాక్టరు మునీరా గారే ఫోను చేసి మమ్మల్ని ఆసుపత్రికి పిలిపించారు. రెండు కళ్ళూ మళ్ళీ చూసి, కోపం అణుచుకుంటూ మాట్లాడారు. "పొర బాగా ముదిరింది. ఇప్పటికిప్పుడు చేస్తే చూపు వస్తుంది. ఇంకా ఆగితే రాయిలా గట్టిపడుతుంది. ఆ తరవాత చేసినా వస్తుందని నేను మాట ఇవ్వలేను. మీరెవరండీ మధ్యలో?"

"పర్యవేక్షణాధికారిని" అన్నాను.

"మీకు చదువొచ్చా?"

నేను డిగ్రీ వివరాలు చెప్పాను. అవి ఆవిడకు అక్కర్లేనట్టు కనిపించింది.

గరటయ్య గారు, సామ్రాజ్యమ్మ గారు మండలికి విన్నవించుకున్నారు. మండలి డాక్టరు గారిని కూడా పిలిచింది. పాత లెన్సును లోపలే పొడి చేసి, పీల్చేసి, ప్లాస్టిక్ లెన్సు పెడతానని ఆవిడ వివరించేసరికి అధ్యక్షుల వారు చెవులు మూసుకున్నారు.

"పొడి చేయుటయా! వారసత్వ సంపదను పొడి చేసి పీల్చుటయా! ఆ స్థానమున ప్లాస్టిక్కా!"

మేము కటువుగా ప్రవర్తించలేదు. పెట్టబోయే ప్లాస్టిక్ లెన్సు యాభై ఏళ్ళ పాతదై, దానికి సహజంగా బూజు పట్టి ఉంటే అభ్యంతరం లేదన్నాం. అలాంటిది మనిషి కంట్లో పెడితే తనను జైల్లో పెడతారని డాక్టరు గారు చెప్పారు. పోనీ, పాత లెన్సును పొడి చేయకుండా బయటికి తీసే మార్గం లేదా అని నిపుణుల సంఘం అడిగింది.

"పాతకాలంలో అలాగే మొత్తంగా తీసేవాళ్ళు. తరవాత బతికినన్నాళ్ళూ సోడాబుడ్డి అద్దాలు పెట్టుకోవాలి. ఆ పద్ధతి ఎప్పుడో వదిలేశాం."

"ప్రాచీన శస్త్రచికిత్స!" అధ్యక్షుల వారి ముఖం విప్పారింది. "ప్రాచీన కటకమును, ప్రాచీన పరికరములతో, తుప్పు పట్టినవైనచో మరింత శ్రేష్ఠము..."

డాక్టరు గారు సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయారు. సమావేశపు నివేదికలో నిపుణురాలు సంతృప్తితో నిష్క్రమించారని రాశాను.

ఆ రోజు వాళ్ళింటికి వచ్చాక నేను అన్నం తింటుంటే, సామ్రాజ్యమ్మ గారు వంటింట్లోంచి గరిటె పట్టుకుని నా మీదికి వచ్చింది.

"ఏందండీ మీ గొడవ? ఈయన కళ్ళు మీయి ఎట్టయినయ్? నా మెళ్ళో తాళి కట్టినప్పుడు మీ మండలి ఎక్కడుంది? ఆయన మొన్న పొద్దున పాలబ్బాయి అనుకుని నాతో రెండు ప్యాకెట్లు చాలన్నాడు! నా మొగుడు నన్ను గుర్తుపట్టకపోతే మీకు అవార్డులా?"

ఆవిడ ఏడుస్తోంది. నాకు బాధ కలిగింది. ఆవిడ ధైర్యం కోసం, మా మండలి ఎవరి మీదా పక్షపాతం చూపదని నిరూపించడానికి, నిబంధనల పుస్తకం తీసి అందులోని అతి కఠినమైన భాగం చదివి వినిపించాను. "జాబితాలోని ఏ కటకమైనను, స్పష్టముగా చూపుచున్నట్లు నిపుణుల ఎదుట ఋజువైనచో, అది తక్షణము బహిష్కరింపబడును. దానితో మండలికి ఎట్టి సంబంధమును ఉండదు."

"చూశారా అమ్మా, మా వాళ్ళు ఎంత నిక్కచ్చిగా ఉంటారో" అన్నాను.

ఆవిడ ఏడుపు ఆపేసింది. గరిటె కింద పెట్టింది. "మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "నాయనా, ఇంకో ముద్ద వేసుకో" అని వడ్డించింది. మొదటిసారి నన్ను నాయనా అంది.

మర్నాడే గరటయ్య గారు తన కళ్ళు స్పష్టంగా చూస్తున్నాయని మండలికి ఫిర్యాదు చేసుకున్నారు. అధ్యక్షుల వారు నిర్ఘాంతపోయారు. మండలి పరువు పోయే వ్యవహారం కాబట్టి పరీక్ష వెంటనే పెట్టారు. కళ్ళ ఆసుపత్రిలో ఉండే అక్షరాల పటం తెప్పించమని ఎవరో అన్నారు. నిహాంత్ ఒప్పుకోలేదు. సినిమా వాళ్ళు లెన్సును పరీక్షించాలంటే ఎదురుగా ఒక మనిషి మొహాన్నే పెడతారని, మొహాన్ని మించిన పరీక్ష లేదని అన్నాడు. మొహం ఎవరిది పెట్టాలని చర్చ జరిగింది. అధ్యక్షుల వారు తన ముఖమే ప్రామాణికమని సూచనప్రాయంగా చెప్పారు. కాని పరీక్షించే వారే పరీక్ష వస్తువుగా కూర్చోరాదని నిబంధన ఉంది. ఆ నిబంధన రాసింది వారే. గదిలో తీరిగ్గా ఉన్న మనిషి సామ్రాజ్యమ్మ గారు ఒక్కతే. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

కెమెరా సహాయకుడు టేపు పట్టి గరటయ్య గారి కంటి నుంచి ఆవిడ ముక్కు దాకా కొలిచాడు. ఈ టేపు కొలవడం లేకుండా సినిమా వాళ్ళకు ఏ పనీ జరగదు.

"కటకమా, కనబడుచున్నది వర్ణింపుము" అన్నారు అధ్యక్షుల వారు.

గరటయ్య గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కిటికీలో ఒక పావురం తప్ప ఏమీ లేదు. అప్పుడు సామ్రాజ్యమ్మ గారు గాజులు సవరించుకుంది. ఆయన తల మెల్లిగా గాజుల చప్పుడు వైపు తిరిగింది.

"ఎడమ కనుబొమ్మ చివర గాటుంది" అన్నారు ఆయన. "ఎనిమిదేళ్ళప్పుడు రోకలి తగిలింది."

నిపుణులు ఇద్దరు భూతద్దంతో ఆవిడ దగ్గరికి వెళ్ళి చూశారు. "ఉన్నది" అన్నారు.

"పై పెదవి కింది పెదవి కంటే పల్చన. ఆ మూల నూనె చిందిన మచ్చ. పెళ్ళైన కొత్తలో బూరెలు వండబోయి."

"ఉన్నది, ఉన్నది."

"నవ్వితే కుడి బుగ్గ మీద ఒక గీత పడుతుంది. ఇప్పుడు నవ్వట్లేదు కాబట్టి లేదు."

ఆవిడ నవ్వింది. గీత పడింది. సభ్యులలో గుసగుసలు బయల్దేరాయి. ఆయన ఆగలేదు. కంటి కింద ఎండు ద్రాక్షంత పుట్టుమచ్చ అన్నారు. గడ్డం మీద సన్నని సొట్ట అన్నారు. ఎడమ చెవి తమ్మెకు రెండో కుట్టు కుట్టించుకుని, నొప్పికి తట్టుకోలేక పూడ్చేసుకున్న చుక్క ఉందన్నారు. మెడ వెనక, జుట్టు మొదట్లో అగరొత్తి కాలిన మచ్చ ఉందన్నారు. నిపుణులు ఆవిడ చుట్టూ పరుగెత్తి ప్రతిదీ చూసి వచ్చారు. ఎదురుగా కూర్చున్న మనిషికి మెడ వెనక మచ్చ ఎలా కనబడిందని ఎవరూ అడగలేదు. అడగమని నిబంధన లేదు.

"జుట్టు?" అన్నారు అధ్యక్షుల వారు.

"నల్లగా, ఒత్తుగా, ఒక్క తెల్లవెంట్రుక లేకుండా" అన్నారు గరటయ్య గారు, క్షణం కూడా ఆలోచించకుండా.

నేను రోజూ చూసిన సామ్రాజ్యమ్మ గారి జుట్టు ముగ్గుబుట్ట. కాని ఆ రోజు నిగనిగలాడుతూ నల్లగా ఉంది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. చెవి మీదికి కొంచెం కారింది కూడా. ఆయన ఏం చెబుతారో ఆవిడకు ముందే తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. జుట్టు రంగు ఆరిందో లేదో చూడటం నా బాధ్యతల్లో లేదు కాబట్టి ఊరుకున్నాను.

"నలుపే అధ్యక్షా!" అని అరిచారు నిపుణులు.

అధ్యక్షుల వారు కుర్చీలో కూలబడ్డారు. "ఈ కన్నులు..." అని ఆగి, ఒక సభ్యుడు మంచినీళ్ళు ఇచ్చాక, మండలిలో ఎవరూ నోట పలకకూడని మాట పలికారు. "ఈ కన్నులు డిజిటల్!"

ఒక సభ్యురాలు ముఖం తిప్పుకుంది. నిహాంత్ బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని సినిమా అప్పటికే సగం అయింది. గరటయ్య గారి కళ్ళు ఆ క్షణమే బహిష్కృతమయ్యాయి. వాటిని ఇక ఏమి చేసుకున్నా మండలికి సంబంధం లేదని, అవి మళ్ళీ మా గడప తొక్కరాదని ప్రకటించారు. సామ్రాజ్యమ్మ గారు ఆయన చేయి పట్టుకుని, "పదండి, మెట్టు" అంది. ఆయన మెట్టు దిగుతూ ఆవిడ చెవిలో ఏదో అన్నారు. ఆవిడ కిసుక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ నవ్వు వీధి మలుపు దాకా వినిపించింది.

ఆపరేషన్లు జరిగాయి. ముందు ఒక కన్ను, కొన్నాళ్ళ తరవాత రెండోది. ఆఖరి కట్టు విప్పే రోజు నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఇత్తడి బిళ్ళలు మండలి ఆస్తి, వాటిని స్వాధీనం చేసుకోవాలి. పైగా కొత్త ప్లాస్టిక్ లెన్సులు మరో యాభై ఏళ్ళకు ప్రాచీనం అవుతాయి కాబట్టి, అప్పటిదాకా వాటిని జాగ్రత్తగా చూసుకుంటామని హామీ పత్రం మీద సంతకం పెట్టించుకు రమ్మని అధ్యక్షుల వారు ఆజ్ఞాపించారు.

డాక్టరు గారు కట్టు విప్పి, కళ్ళు మెల్లగా తెరవమన్నారు. గరటయ్య గారు తెరిచారు. ముందు గోడను చూశారు. తన చేతిని చూసుకున్నారు. ఆ తరవాత మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న సామ్రాజ్యమ్మ గారిని చూశారు.

ఆవిడ గభాలున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. "అట్టా చూడబాకండి. ముసల్దాన్నైపోయా. మీకు తెలవదు" అంది.

"చేతులు తియ్" అన్నారు ఆయన.

"తియ్యను."

"తియ్యవే సామ్రాజ్యం. ఏడాదిన్నరయింది."

ఆవిడ చేతులు తీసింది. ఆయన ఆ మొహాన్ని కనుబొమ్మ నుంచి గడ్డం దాకా చూసుకున్నారు. నేను సమయం చూసుకుని ముందుకు వచ్చి, మంచానికీ కిటికీకీ మధ్య నిలబడి, గొంతు సవరించుకుని, హామీ పత్రం తీసి, మండలి తరఫున మొదటి వాక్యం చదవబోయాను.

గరటయ్య గారు నా వైపు చూడలేదు. ఆయన కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. చేయి మాత్రం ఎత్తి, పక్కకు జరగమని ఊపారు. వందల షాట్లు తీసిన మనిషి ఎలా ఊపుతాడో అలాగే.

"వెలుతురుకు అడ్డమొస్తున్నారు సార్" అన్నారు. "కొంచెం జరగండి."

నేను జరిగాను.